అవతలి గట్టున ఎవరో వస్తున్నారు!

ఆస్ట్రేలియా నడిబొడ్డున సింప్సన్ ఎడారి. పెట్రోలు బంకు ఉండదు, ఫోను పలకదు. ఎదురుగా వచ్చే బండి కళ్లకు కనిపించేలోగానే చెవికి వినిపించాలి. అందుకే ఇక్కడికి బయల్దేరేవాళ్లు టైర్ల గురించి ఎంత ఆలోచిస్తారో, బండిలో పెట్టుకునే సీబీ రేడియో గురించీ అంతే ఆలోచిస్తారు.

ఒకటి కాదు, రెండు కాదు... పదకొండు వందల పైచిలుకు ఇసుక తిన్నెలు. దుక్కి దున్నిన పొలంలో చాళ్లలా ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. కొన్నయితే ఎక్కడా తెగకుండా 200 కిలోమీటర్ల దాకా సాగిపోతాయి. సింప్సన్ ఎడారిని అడ్డంగా దాటాలంటే ఒక తిన్నె ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఇంకోటి ఎక్కాలి. నాలుగైదు రోజులపాటు ఇదే పని!

ఇసుకలో ఎక్కాలంటే వేగం కావాలి. మధ్యలో ఆపితే చక్రాలు కూరుకుపోతాయి. కాబట్టి డ్రైవరు కింది నుంచే ఊపు అందుకుని పైకి వస్తాడు. సరిగ్గా తిన్నె నెత్తి మీదికి చేరే క్షణంలో బానెట్ ఆకాశం వైపు లేస్తుంది. ముందు అద్దంలోంచి చూస్తే నీలాకాశం తప్ప మరేమీ కనిపించదు. దారి ఒక్క బండికి సరిపోయేంతే. అదే క్షణంలో అవతలి వైపు నుంచీ మరో బండి అదే ఊపుతో వస్తుంటే..?

ఎదురెదురుగా ఢీకొన్న ప్రమాదాలు ఇక్కడ జరిగాయి. అందుకే ప్రతి బండికీ పొడవాటి కర్ర, దాని కొసన కొట్టొచ్చే రంగు జెండా తప్పనిసరి. బండి ముందు భాగానికి బిగిస్తే జెండా పైఅంచు నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున ఉండాలి. బండి కంటే ముందు జెండా కనిపిస్తుందన్నమాట. కానీ జెండా కనిపించేసరికి మిగిలేది కొద్ది క్షణాలే. అంతకంటే ముందే, నిమిషాల ముందే, హెచ్చరిక అందాలంటే గొంతు ఒక్కటే దిక్కు. ఆ గొంతును తిన్నె దాటించేదే సీబీ రేడియో. సిటిజన్ బ్యాండ్... అంటే పోలీసులకో సైన్యానికో కాకుండా మామూలు జనం మాట్లాడుకోవడానికి వదిలిన రేడియో తరంగాలు.

పెద్ద తిన్నెల సీమ

పటంలో చూస్తే ఈ ఎడారి సౌత్ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్, నార్తర్న్ టెరిటరీల మీద పరుచుకుని ఉంటుంది. విస్తీర్ణం దాదాపు లక్షా డెబ్భై వేల చదరపు కిలోమీటర్లు. ఇక్కడి మూలవాసులైన వంగ్‌కంగుర్రు ప్రజల భాషలో దీని పేరు 'ముంగ-తిర్రి'. పెద్ద ఇసుక తిన్నెల నేల అని అర్థం. తిన్నెల మధ్య పల్లాల్లో వాళ్లు 'మికిరి' అనే లోతైన చెలమలు తవ్వుకుని, ఆ నీటి ఆధారంగానే తరతరాలు బతికారు. బయటివాళ్లు చావుకు చిరునామాగా చూసిన ఎడారి వాళ్లకు సొంతిల్లు. 2021లో సౌత్ ఆస్ట్రేలియా ప్రభుత్వం తన పరిధిలోని 36 లక్షల హెక్టార్లను జాతీయ వనంగా ప్రకటించినప్పుడు ముంగ-తిర్రి పేరునే ముందు పెట్టింది. ఆ దేశంలో అతి పెద్ద జాతీయ వనం ఇదే.

సింప్సన్ అన్న పేరు మాత్రం ఆకాశం నుంచి వచ్చింది. 1929లో సెసిల్ మాడిగన్ అనే భూగర్భ శాస్త్రవేత్త విమానంలో తిరిగి ఈ ప్రాంతాన్ని సర్వే చేశాడు. అప్పట్లో భౌగోళిక సంఘం సౌత్ ఆస్ట్రేలియా శాఖకు అధ్యక్షుడిగా ఉన్న ఆల్‌ఫ్రెడ్ అలెన్ సింప్సన్ పేరును ఎడారికి పెట్టాడు. 1936లో టెడ్ కోల్సన్ అనే పశువుల పెంపకందారు, ఆదివాసీ సహచరుడు పీటర్ ఎయిన్స్‌తో కలిసి ఒంటెల మీద ఎడారిని దాటి బర్డ్స్‌విల్ చేరాడు. వెనక్కీ ఒంటెల మీదే వెళ్లాడు. ఐరోపా సంతతి వాళ్లలో ఈ పని చేసిన మొదటివాడు అతడే.

మరి మోటారు బండి? దానికి 1962 దాకా ఆగాల్సి వచ్చింది. రెజ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త నిస్సాన్ పెట్రోల్ జీపులో ఎడారిని దాటాడు. సాహసయాత్ర కదా, గడ్డాలు పెంచుకున్న మొనగాళ్ల బృందం ఏదో వెంట వెళ్లి ఉంటుందనుకుంటాం. ఆయన వెంట ఉన్నది భార్య గ్రిసెల్డా, ఇద్దరు చిన్న పిల్లలు! అంటే సింప్సన్ ఎడారి చూసిన మొదటి మోటారు యాత్ర ఓ కుటుంబ విహారమే.

ఆ మరుసటి ఏడాదే ఈ నేల తన రెండో ముఖం చూపించింది. 1963 డిసెంబరులో, నడివేసవిలో, ఎడారి అంచునే సాగే బర్డ్స్‌విల్ ట్రాక్ మీద ఒక కుటుంబం దారి తప్పింది. తల్లి, తండ్రి, ముగ్గురు కొడుకులు. పెట్రోలు అయిపోయింది, నీళ్లు అయిపోయాయి. ఐదుగురూ దాహంతో ప్రాణాలు విడిచారు. వాళ్ల దగ్గర రేడియో లేదు. ఇక్కడి పెద్దలు ఇప్పటికీ కొత్తవాళ్లకు ఆ కథ చెబుతుంటారు.

పెడల్ తొక్కితే కబురు

నిజానికి ఈ దేశపు లోపలి ప్రాంతాలకూ రేడియోకూ ఉన్న బంధం సీబీ కంటే పాతది. ఒక పశువుల క్షేత్రానికీ మరో క్షేత్రానికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం. ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరుకు కబురు పెట్టే దారి లేదు. 1928లో జాన్ ఫ్లిన్ అనే మత ప్రచారకుడు విమానంలో డాక్టరును పంపే సేవ మొదలుపెట్టాడు. అదే తర్వాత రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ అయింది. విమానం సరే, దాన్ని పిలవడం ఎలా? కరెంటు లేని ఇళ్లలో రేడియో నడిచేదెలా?

అడిలైడ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. సైకిల్ పెడళ్లలాంటివి తొక్కితే కరెంటు పుట్టి రేడియో పనిచేస్తుంది. కాళ్లతో తొక్కుతూ చేతులతో సందేశం పంపొచ్చు. 1929 నుంచి ఈ పెడల్ రేడియోలు ఒక్కో ఇంటికీ చేరాయి. డాక్టరు గొంతే కాదు, పక్కింటావిడ కబుర్లూ వాటిలోనే వినిపించేవి. పక్కిల్లంటే నూరు కిలోమీటర్ల అవతలి ఇల్లు మరి! 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో రేడియో బడి మొదలైంది. పిల్లలు ఇంట్లో సెట్టు ముందు కూర్చుని టీచరుకు 'ప్రెజెంట్' చెప్పేవాళ్లు.

సీబీ వచ్చేసరికి 1977 అయింది. అమెరికాలో అప్పటికే అది లారీ డ్రైవర్ల పిచ్చి. అక్కడి సీబీ 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆస్ట్రేలియా ఆ బ్యాండుతోపాటు 477 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో మరో బ్యాండునూ జనానికి వదిలింది. దాన్నే యూహెచ్ఎఫ్ సీబీ అంటారు. దాని తొలి సెట్టు ఫిలిప్స్ ఎఫ్ఎం320 తయారైందీ ఆస్ట్రేలియాలోనే. శబ్దం స్పష్టంగా ఉండటంతో కాలక్రమంలో ఇదే జనానికి అలవాటైపోయింది. మొదట 40 చానళ్లు ఉండేవి. 2011 నుంచి వాటిని 80కి పెంచారు. వాడేవాళ్లు విడిగా లైసెన్సు తీసుకోనక్కర్లేదు. అంగట్లో కొని, బండికి బిగించుకుంటే చాలు.

ఏది బిగించాలన్నదే అసలు ప్రశ్న.

ధర పెరిగితే గొంతు పెరగదు

దుకాణంలో అడుగుపెడితే జీఎంఈ, యూనిడెన్, ఐకామ్ లాంటి కంపెనీల సెట్లు వరసగా కనిపిస్తాయి. చేతిలో పట్టే చిన్న వాకీటాకీలు ఓ పక్క, బండికి బిగించేవి మరో పక్క. బండికి బిగించేవి కొన్ని వందల ఆస్ట్రేలియా డాలర్లు పలుకుతాయి. ఎక్కువ పెడితే ఎక్కువ దూరం వినిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు. చట్టం ప్రకారం ఏ యూహెచ్ఎఫ్ సీబీ సెట్టయినా 5 వాట్లకు మించి పంపకూడదు. బండికి బిగించే సెట్లు చవకవైనా ఖరీదైనవైనా సాధారణంగా ఆ 5 వాట్లూ ఇస్తాయి. ధర పెరిగితే పెరిగేది సెట్టు దృఢత్వం, వినికిడి నాణ్యత, సౌకర్యాలు.

వాటిలో ఎడారికి పనికొచ్చేవి ఏవి? మొదటిది, మీటలన్నీ మైకులోనే ఉండే ఏర్పాటు. ఈ రకంలో రేడియో పెట్టెను సీటు కిందో డాష్‌బోర్డు వెనకో దాచేయొచ్చు. ఎగిరెగిరి పడే బండిలో ఒక చేయి ఎప్పుడూ స్టీరింగ్ మీదే ఉండాలి కాబట్టి చానల్ మార్చడం, శబ్దం పెంచడం రెండో చేతిలోనే అయిపోవడం పెద్ద సుఖం. రెండోది, ఒకేసారి రెండు చానళ్ల మీద చెవి వేసే సౌకర్యం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. మూడోది, ఇంజిను హోరులోనూ మాట స్పష్టంగా వినిపించే స్పీకరు. దుమ్ముకూ కుదుపులకూ తట్టుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

చేతిలో పట్టే వాకీటాకీ ఒక్కటే సరిపోదా? సరిపోదు. ఇనుప డొక్కులాంటి బండి లోపల కూర్చుని, వేలెడు యాంటెన్నాతో మాట్లాడితే ఆ మాట అద్దాల్లోంచి ఎంతో కొంత బయటపడుతుందంతే. పైగా బ్యాటరీ భయం. అయితే రెండో సెట్టుగా అది బంగారమే. కూరుకుపోయిన బండిని బయటికి లాగేటప్పుడు కింద నిలబడి 'ఇంకాస్త ఎడమకు, ఆపు' అని చెప్పేవాళ్ల చేతిలో ఉండాల్సింది అదే.

ఇడ్లీ, ఊతప్పం, పేపర్ దోసె

సెట్టు సంగతి తేలాక మిగిలేది యాంటెన్నా. అనుభవజ్ఞులు డబ్బు ఖర్చుపెట్టమని చెప్పేది దీని మీదే.

యాంటెన్నాలను డీబీఐ అనే కొలతతో అమ్ముతారు. 3, 6, 9... ఇలా. అంకె పెద్దదైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు. ఉన్న 5 వాట్లను ఏ ఆకారంలో పరచాలో నిర్ణయిస్తుంది. గిన్నెడు పిండి ఉందనుకోండి. దాంతో ఇడ్లీ వేస్తే ఉబ్బుగా, గుండ్రంగా వస్తుంది. 3 డీబీఐ యాంటెన్నా ఇడ్లీ లాంటిది. తరంగాలు పక్కలకే కాదు, పైకీ కిందికీ వెళ్తాయి. దూరం తక్కువ. కానీ బండి ఎటు వాలినా, ఎదుటి మనిషి కొండ మీదున్నా లోయలో ఉన్నా వినిపిస్తుంది. అదే పిండితో పేపర్ దోసె వేస్తే పెనం నిండా పరుచుకుంటుంది, మందం మాత్రం ఉండదు. 9 డీబీఐ అలాంటిది. చదునైన మైదానాల్లో, తిన్నగా సాగే రహదారుల మీద చాలా దూరం అందుకుంటుంది. బండి ముక్కు పైకెత్తి తిన్నె ఎక్కుతుంటే మాత్రం ఆ పల్చటి దోసె కూడా బండితోపాటే వాలుతుంది. ముందువైపు మాట ఆకాశానికి, వెనకవైపు మాట ఇసుకలోకి!

ఈ రెండింటికీ మధ్యలో 6 డీబీఐ ఉంది. ఊతప్పం అన్నమాట. కొంత మందం, కొంత వెడల్పు. ఎడారి ప్రయాణాలకు ఎక్కువమంది దీన్నే ఎంచుకుంటారు. కొండల్లోనే ఎక్కువగా తిరిగేవాళ్లు 3 వైపు మొగ్గుతారు. కింది భాగం అలాగే ఉంచి పైకడ్డీ మాత్రం మార్చుకునే రకాలూ దొరుకుతాయి. రహదారిలో పొడుగుది, తిన్నెల్లో పొట్టిది.

యాంటెన్నాను ఎక్కడ బిగించాలన్నదీ ముఖ్యమే. 477 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 63 సెంటీమీటర్లు. ఇంత చిన్న తరంగం దాదాపు చూపులాగే తిన్నగా పోతుంది. అడ్డొస్తే ఆగుతుంది. కొండ చుట్టూ వంగి వెళ్లే శక్తి తక్కువ. కాబట్టి యాంటెన్నా ఎంత ఎత్తులో ఉంటే అంత మేలు. చాలామంది బండి ముందుండే ఇనుప బుల్‌బార్‌కు బిగిస్తారు. అక్కడైతే కుదుపులు ఎక్కువ కనుక అడుగున స్ప్రింగు ఉన్నది కావాలి. రేకుల పైకప్పు మీద నడిపినట్టుండే గతుకుల దారుల్లో స్ప్రింగు లేని కడ్డీ మొదట్లోనే విరిగిపోతుంది. సెట్టుకు కరెంటు తీగను నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి తెచ్చుకోవడం, యాంటెన్నా తీగ తలుపు సందులో నలగకుండా చూసుకోవడం... ఇవి చిన్న పనులే. ఎడారి మధ్యలో మూగబోయే రేడియోల కథలు తరచూ ఈ చిన్న పనుల దగ్గరే మొదలవుతాయి.

పదో నంబరు మర్యాద

ఎడారికి పడమటి వైపు ఆఖరి పెట్రోలు బంకు మౌంట్ డేర్. అక్కడ ట్యాంకులు, డబ్బాలు నింపుకుంటే మళ్లీ నింపేది బర్డ్స్‌విల్‌లోనే. దారిని బట్టి 500 కిలోమీటర్లు అటూ ఇటూ. మౌంట్ డేర్ దాటాక డాల్‌హౌసీ ఊటలు వస్తాయి. భూగర్భంలోంచి ఉబికే గోరువెచ్చటి నీటి కొలను అది. చలికాలపు పొద్దున ఆవిరి లేస్తుంటే యాత్రికులు మెడలోతు నీళ్లలో కూర్చుంటారు. బడలిక తీర్చుకునే చోటు అదే చివరిది. ఆపైన టైర్లలో గాలి సగానికి తగ్గించుకుని, జెండా ఎత్తి, రేడియోను పదో చానల్‌కు తిప్పాలి.

సింప్సన్‌లో అందరూ వినే చానల్ 10. ఆస్ట్రేలియాలో ఒక్కో చానల్‌కు ఒక్కో వాడుక ఉంది. రహదారి మీద లారీలవాళ్లు 40లో ఉంటారు. ఇంటిబండ్లను లాక్కెళ్లేవాళ్లు 18లో కబుర్లాడతారు. 5, 35 అత్యవసరానికే. వాటిని సరదాకు ముట్టుకుంటే నేరం. ఎడారిలో మాత్రం అందరి చెవీ పదో నంబరు మీదే.

అక్కడ వినిపించే మాటలు చాలా పొదుపుగా ఉంటాయి. 'ఫ్రెంచ్ లైన్ మీద తూర్పుకు వెళ్తున్నాం, మూడు బండ్లు, పుర్నీ బోర్ దాటి పది కిలోమీటర్లు వచ్చాం, ఎదురుగా ఎవరైనా ఉన్నారా?' అంతే. అవతలి నుంచి జవాబొస్తే ఎవరు పల్లంలో ఆగాలో, ఎవరు ముందు ఎక్కాలో తేల్చుకుంటారు. బృందంలో ముందున్న బండి నెత్తి మీదికి చేరగానే 'ఖాళీ' అంటుంది. అది దిగి దారి వదిలాకే రెండోది ఎక్కుతుంది. ఆఖరి బండి ప్రతి తిన్నె దాటగానే 'దాటేశాం' అని చెప్పాలి. చెప్పలేదంటే ముందువాళ్లు ఆగాల్సిందే.

తిన్నెల మధ్య పల్లంలో ఉన్నప్పుడు మాట అందే దూరం బాగా తగ్గిపోతుంది. నెత్తి మీదికి రాగానే ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే అలవాటైనవాళ్లు ఎత్తుకు చేరినప్పుడు పిలుస్తారు, పల్లంలో వింటారు.

కొత్తవాళ్లు చేసే ఓ తప్పుంది. బృందంలో ఆరు బండ్లుంటే కబుర్లు ఎక్కువవుతాయి. పిల్లల పాటలు, భోజనం ఎక్కడన్న చర్చలు. పదో చానల్‌లో ఈ గోల ఎందుకని వేరే చానల్‌కు మారిపోతారు. ఆలోచన మంచిదే. కానీ అప్పుడు ఎదురుగా వచ్చేవాళ్ల పిలుపు వీళ్లకు వినిపించదు. రెండు చానళ్లు ఒకేసారి వినే సౌకర్యం కావాలన్నది ఇందుకే. ఇంకో ప్రమాదకరమైన మీట సీటీసీఎస్ఎస్. అది వేస్తే మన బృందం సెట్ల మాటలు తప్ప మిగతావేవీ స్పీకరులో రావు. నగరంలో హాయి. తిన్నె ఎక్కేటప్పుడు మాత్రం అది చెవుల్లో దూది పెట్టుకున్నట్టే. ఎడారిలోకి దిగేముందు ఆ మీట ఆపేశారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

అంగుళం తేడా

ఫ్రెంచ్ లైన్ పేరు వెనకా ఓ కథ ఉంది. 1960లలో చమురు వెతుక్కుంటూ వచ్చిన ఫ్రెంచి కంపెనీ కోసం తిన్నెలను అడ్డంగా కోస్తూ వేసిన బాట అది. చమురు దక్కలేదు, బాట మిగిలింది. దాని తూర్పు కొసన మూడు పాలనా ప్రాంతాల సరిహద్దులు కలిసే పెప్పెల్ కార్నర్ వస్తుంది. 1880లో ఆగస్టస్ పెప్పెల్ అనే సర్వేయరు కొలుచుకుంటూ వచ్చి ఇక్కడ గుంజ పాతాడు. తర్వాత చూస్తే అతని కొలత గొలుసు అంగుళం మేర సాగిపోయి ఉంది! ఒక్క అంగుళమే. వందల కిలోమీటర్లు కొలిచేసరికి అది దాదాపు 300 మీటర్లయి కూర్చుంది. గుంజను పీకి సరైన చోట మళ్లీ పాతాల్సి వచ్చింది. బయల్దేరే ముందు తీగలూ బోల్టులూ ఇంకోసారి చూసుకోమని చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు.

అక్కడి నుంచి తూర్పుకు తిన్నెల ఎత్తు పెరుగుతూ పోతుంది. తూర్పు ముఖాలు నిటారుగా, పడమటి ముఖాలు ఏటవాలుగా ఉంటాయి. అందుకే పడమర నుంచి తూర్పుకు వెళ్లడం కొంత సులువు. ఇక చివరాఖరున, బర్డ్స్‌విల్ ఇంకో 35 కిలోమీటర్లు ఉందనగా, 'బిగ్ రెడ్' నిలబడి ఉంటుంది. దాదాపు 40 మీటర్ల ఎర్రటి ఇసుక గోడ. సాయంత్రం ఎండలో అది నిప్పుకణికలా మెరుస్తుంది. దాన్ని దాటితే బర్డ్స్‌విల్. వందమందికి కాస్త అటూ ఇటూగా ఉండే ఊరు. 1884 నాటి హోటల్ ఒకటి, సెప్టెంబరులో గుర్రప్పందేల జాతర.

సీబీకి అందనిది

ఇంత చెప్పుకొన్నాక ఒక మాట స్పష్టంగా అనుకోవాలి. సీబీ పక్కనున్నవాళ్లతో మాట్లాడటానికే. బాగా అందితే పది, ఇరవై కిలోమీటర్లు. ఎడారి మధ్యలో బండి బోల్తా పడితే 5వ చానల్‌లో ఎంత అరిచినా వినే మనిషి దగ్గర్లో ఉంటేనే ఉపయోగం. 

దూరం నుంచి సాయం రావాలంటే వేరే సాధనం కావాలి. శాటిలైట్ ఫోను ఒకటి. వందల వేల కిలోమీటర్లు అందే హెచ్ఎఫ్ రేడియో ఇంకొకటి. అన్నిటికంటే సులువైంది పీఎల్‌బీ అనే అరచేతి పరికరం. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. అది కాన్‌బెర్రాలోని సహాయ కేంద్రానికి చేరుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే నొక్కాలి. సీబీ ప్రమాదం జరక్కుండా చూస్తుంది. పీఎల్‌బీ జరిగాక ఆదుకుంటుంది. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడం కుదరదు.

నీళ్లు, అదనపు ఇంధనం, ఎడారి వనాల ప్రవేశ పాసు సరేసరి. కాలం కూడా చూసుకోవాలి. ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వేసవి వేడికి పార్కులు మూసేస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా చల్లగా ఉంటుంది. రాత్రయితే వణికిస్తుంది కూడా.

సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డ మన పిల్లలు ఈ దారి పట్టాలనుకుంటే తొలిసారి ఒంటరిగా కాకుండా అనుభవమున్న బృందంతో వెళ్లడం మేలు. తిరిగి మన ఊరికి వచ్చేటప్పుడు ఆ సెట్లను సూట్‌కేసులో వేసుకు రావద్దు. 477 మెగాహెర్ట్జ్ సీబీ అక్కడి చట్టం ఇచ్చిన వెసులుబాటు. మన దేశంలో లైసెన్సు లేకుండా చిన్న వాకీటాకీలు వాడుకునే బ్యాండు వేరు, 446 మెగాహెర్ట్జ్ దగ్గరుంటుంది. శాటిలైట్ ఫోనైతే అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే చిక్కులు.

ఏ విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు ఓ రోజు వాట్సప్‌లో సందేశం రావొచ్చు... 'ఎడారికి వెళ్తున్నాం, వారం రోజులు ఫోను కలవదు' అని. కంగారు పడొద్దు. 'జాగ్రత్త నాన్నా' అని ఊరుకోనూ వద్దు. బండి ఏదని అడగడం మానేసి, యాంటెన్నా ఎంతది, పదో చానల్ వింటారా, పీఎల్‌బీ ఎవరి జేబులో ఉంది అని అడగండి. మూడింటికీ తడుముకోకుండా జవాబొస్తే నిశ్చింతగా ఉండొచ్చు. తడబడితే... ఇంకో వారం ఆగి వెళ్లమనండి. ఆ తిన్నెలు ఎక్కడికీ పోవు.